కారు స్క్రీన్ చూపే మైలేజీ ఎంత నిజం? మీ బండికి మీరే లెక్క తేల్చుకోండి ఇలా

బంకులో ట్యాంక్ ఫుల్ చేయించి, బిల్లు మీది లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే 15.8 వచ్చింది. డ్యాష్‌బోర్డ్ మీద మాత్రం 16.5 అని దర్జాగా వెలుగుతోంది. ‘బండి ఎంతిస్తోంది?’ అని ఎవరైనా అడిగితే మనం చెప్పేది ఆ రెండో అంకే. అడిగినాయన కూడా తన స్క్రీన్ అంకెకు ఇంకో రెండు కలిపే చెబుతాడు కాబట్టి అక్కడ ఎవరికీ నష్టం లేదు. కానీ నెలకు పెట్రోల్ ఖర్చు ఎంతో తెలియాలన్నా, బండిలో ఏదో తేడా చేసిందని పసిగట్టాలన్నా మన స్క్రీన్ ఎంత ఎక్కువ చెబుతోందో తెలిసి ఉండాలి. ఒక చిన్న నోట్‌బుక్, నాలుగైదు ట్యాంకుల ఓపిక ఉంటే ఆ సంగతి తేలిపోతుంది.

స్క్రీన్‌కు ఆ అంకె ఎక్కడిది?

ట్యాంకులో పెట్రోల్ ఎంత తగ్గిందో చూసి మైలేజీ చెబుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ట్యాంకులో పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ బండి ఊగితే తానూ ఊగుతుంది, ఘాట్ ఎక్కితే ఒక మాట, దిగితే ఒక మాట చెబుతుంది. అది ముల్లు చూపించడానికి సరిపోతుంది గానీ పాయింట్ల లెక్కకు పనికిరాదు. అందుకే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లను ఎన్ని మిల్లీసెకన్లు తెరిచిందో కూడుకుంటూ పోతుంది. ఇంతసేపు తెరిస్తే ఇంత పెట్రోల్ పడుతుందని దానికి తయారీలోనే చెప్పి పెడతారు. బకెట్‌లో నీళ్లు కొలవకుండా, కుళాయి ఎంతసేపు తిప్పి ఉంచామో చూసి ఇన్ని నీళ్లు పట్టి ఉంటాయని చెప్పడం లాంటిదన్నమాట. దూరమేమో చక్రాలు తిరిగిన లెక్క నుంచి వస్తుంది.

రెండూ అంచనాలే కాబట్టి కొంత తేడా సహజం. యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి కొత్త పెట్రోల్, డీజిల్ కార్లన్నిటిలో ఇంధన వినియోగాన్ని నమోదు చేసే ఏర్పాటు తప్పనిసరి. చట్టం పెట్టి మరీ చేయించిన ఆ లెక్కకే 5 శాతం అటూ ఇటూ సడలింపు ఇచ్చారు. మన స్క్రీన్ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటే దాన్ని తప్పు పట్టక్కర్లేదు. నాకు చిరాకు తెప్పించేది తేడా ఉండటం కాదు, ఆ తేడా ఎక్కువగా మనల్ని సంతోషపెట్టే వైపే ఉండటం.

మొదటి పని: ట్రిప్ మీటర్లు సర్దుకోవడం

చాలా కార్లలో ట్రిప్ ఏ, ట్రిప్ బీ అని, మనకు కావాల్సినప్పుడు సున్నా చేసి దూరం కొలుచుకునే మీటర్లు రెండు ఉంటాయి. ఒక్కోదానికి విడిగా సగటు మైలేజీ చూపించే కార్లయితే మన పని సులువు. ట్రిప్ ఏ ప్రతి ట్యాంకుకూ రీసెట్ చేయడానికి, ట్రిప్ బీ పరీక్ష మొత్తం పూర్తయ్యేదాకా ముట్టకుండా ఉంచడానికి. కొన్ని బండ్లు పెట్రోల్ పోయించగానే సగటును వాటంతట అవే రీసెట్ చేసుకుంటాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఆపేయండి. కుదరకపోతే బంకులోకి వెళ్లగానే, ఇంజన్ ఆపకముందే స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

క్షణక్షణం మారే ఇన్‌స్టంట్ మైలేజీని ఈ లెక్కలోకి తీసుకోవద్దు. గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఇంజన్‌కు పెట్రోల్ ఆగిపోతుంది, ఆ అంకె ఆకాశానికి వెళ్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే సున్నా. చూడటానికి సరదాగా ఉంటుంది, అంతే.

రెండో పని: ట్యాంక్ ఫుల్, ప్రతిసారీ ఒకేలా

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. అయిదొందలకు, వెయ్యికి పోయించుకునే అలవాటు ఉంటే ఈ రెండు మూడు నెలలు పక్కన పెట్టండి. ఎంత పట్టిందో తెలియాలంటే ట్యాంకు ప్రతిసారీ ఒకే మట్టానికి నిండాలి.

వీలైనంతవరకు ఒకే బంకు, అందులోనూ ఒకే పంపు. నేల చదునుగా ఉండాలి. కుర్రాడు ‘జీరో చూసుకోండి సార్’ అంటాడు కదా, చూసుకోండి. నాజిల్ టక్కుమని మొదటిసారి ఆగగానే చాలనండి. దీన్నే ఆటో కట్ అంటారు. ఆ తర్వాత వచ్చే మాటే అసలు చిక్కు: ‘రౌండ్ ఫిగర్ చేసేయమంటారా సార్?’ 2,738 రూపాయల బిల్లును 2,800 చేయడానికి అతను ఇంకో అర లీటరుకు పైగా కుక్కుతాడు. చిల్లర బాధ తప్పుతుంది గానీ మన లెక్క చెడుతుంది. పైగా కట్ అయ్యాక కుక్కిన పెట్రోల్, ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బాలోకి వెళ్లి దాన్ని పాడుచేసే ప్రమాదం ఉంది. డిజిటల్ పేమెంట్ల కాలంలో రౌండ్ ఫిగర్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

డీజిల్ బండ్లకు ఇంకో ఇబ్బంది. డీజిల్ నురగ కడుతుంది, దాంతో నాజిల్ ముందుగానే కట్ అవుతుంది. నాజిల్‌ను నెమ్మది వేగంలో పెట్టమంటే తేడా తగ్గుతుంది.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా నాజిల్ ఒకసారి లీటరు ముందు, ఒకసారి లీటరు వెనక ఆగుతుంది. 26 లీటర్లు పట్టే చోట ఒక లీటరు తేడా వస్తే మైలేజీలో దాదాపు 4 శాతం పొరపాటు. ఒక్క ట్యాంకు చూసి స్క్రీన్‌ను తిట్టకూడదనేది ఇందుకే.

మూడో పని: నాలుగు ట్యాంకులు రాసి, ఒక్కసారే భాగించడం

నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంది. బండి 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి.

మొదటి ట్యాంకు: 412 కి.మీ., 26.10 లీటర్లు. లెక్కలో 15.8, స్క్రీన్ 16.5.
రెండో ట్యాంకు (విజయవాడ వెళ్లినప్పటిది): 468 కి.మీ., 25.35 లీటర్లు. లెక్కలో 18.5, స్క్రీన్ 19.9.
మూడో ట్యాంకు (వానలు, ట్రాఫిక్): 389 కి.మీ., 26.90 లీటర్లు. లెక్కలో 14.5, స్క్రీన్ 15.3.
నాలుగో ట్యాంకు: 431 కి.మీ., 27.40 లీటర్లు. లెక్కలో 15.7, స్క్రీన్ 16.9.

విడివిడిగా చూస్తే స్క్రీన్ ఒకసారి నాలుగున్నర శాతం ఎక్కువ చెప్పినట్టు, ఇంకోసారి ఎనిమిదికి దగ్గరగా వెళ్లినట్టు కనిపిస్తుంది. ఆ ఊగిసలాటలో చాలా భాగం నాజిల్‌దే. మొత్తం కలపండి: 1,700 కి.మీ., 105.75 లీటర్లు. భాగిస్తే 16.08. ట్రిప్ బీ చూపించిన సగటు 17.1. ఇప్పుడు లీటరు పొరపాటు వంద లీటర్ల మీద పడుతుంది కాబట్టి ఒక్క శాతానికి మించదు. 16.08ని 17.1తో భాగిస్తే 0.94. నా బండి లెక్క అదీ. స్క్రీన్ మీద 18 కనిపిస్తే మనసులో 17 అనుకుంటాను, 20 కనిపిస్తే 19 కూడా కాదనుకుంటాను.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఒక్కో ట్యాంకు మైలేజీని కలిపి నాలుగుతో భాగిస్తారు. అలా చేయొద్దు. హైవే మీద 300 కి.మీ. లీటరుకు 20 చొప్పున, ఊళ్లో 300 కి.మీ. లీటరుకు 12 చొప్పున నడిపారనుకోండి. సగటు 16 అనిపిస్తుంది. కానీ తాగింది 15, 25, మొత్తం 40 లీటర్లు. 600ను 40తో భాగిస్తే 15. ఎప్పుడైనా సరే, మొత్తం దూరాన్ని మొత్తం లీటర్లతోనే భాగించాలి.

నాలుగో పని: కిలోమీటర్లు నిజమేనా?

బంకు లెక్కలోనూ, స్క్రీన్ లెక్కలోనూ దూరం ఒకే ఓడోమీటర్ నుంచి, అంటే బండి తిరిగిన కిలోమీటర్లు లెక్కపెట్టే మీటర్ నుంచి వస్తుంది. అది తప్పు చెబితే రెండూ కలిసే తప్పుతాయి, పక్కపక్కన పెట్టి చూసినా దొరకవు. కొత్త టైరు మీద గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటే, మార్చక తప్పని స్థితికి వచ్చేసరికి 1.6 మిగులుతుంది. చక్రం ఆ మేరకు చిన్నదై, అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో ఇది దాదాపు 2 శాతం తేడా. అంటే అరిగిన టైర్ల మీద మైలేజీ లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. షోకు కోసం పెద్ద చక్రాలు వేయించినవాళ్లకు ఇది తిరగబడి, ఉన్న మైలేజీ కూడా తగ్గినట్టు కనిపిస్తుంది.

పరీక్ష సులువే. హైదరాబాద్‌లో ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు ఉండనే ఉంది, చుట్టు మొత్తం 158 కి.మీ. అందులో ఒక 50 కి.మీ. చాలు. ఫోన్‌లో జీపీఎస్ దూరం చూపే యాప్ పెట్టి, ట్రిప్ మీటర్‌తో పోల్చండి. వేరే ఊళ్లో ఉంటే ఏ హైవే అయినా సరే.

స్పీడోమీటర్ ఎక్కువ చూపుతోందని ఓడోమీటర్‌ను అనుమానించకండి. ఐక్యరాజ్యసమితి ఆర్39 నిబంధన ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. 80లో వెళ్తుంటే 92 దాకా చూపినా ఆ నిబంధనకు లోబడినట్టే. అందుకని కంపెనీలు కావాలనే కొంచెం పైకి పెడతాయి. కిలోమీటర్ల లెక్కకు అలా పెంచాల్సిన అవసరం లేదు.

స్క్రీన్ మీద వేయకూడని నింద

పుణెలోని వాహన పరీక్షల సంస్థ ఏఆర్ఏఐ ధ్రువీకరించిన మైలేజీకీ, మీ స్క్రీన్‌కూ తేడా ఉంటే అది స్క్రీన్ తప్పు కాదు. కంపెనీలు ఇన్నాళ్లూ ప్రకటిస్తూ వచ్చిన ఆ అంకె ల్యాబ్‌లో, రోలర్ల మీద, ఏసీ ఆపి, వేగం 90 దాటకుండా నడిపి తీసింది. మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డ బండికి దానితో పోలికేమిటి?

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ సంగతీ అంతే. ఇథనాల్‌లో లీటరుకు శక్తి తక్కువ. 10 శాతం కలిపిన ఈ10కి సర్దిన పాత కార్లలో ఈ20 పోస్తే మైలేజీ 6, 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళికలోనే ఉంది. శక్తి తక్కువైతే ఈసీయూ ఇంజెక్టర్‌ను ఎక్కువసేపు తెరుస్తుంది, ఆ ఎక్కువంతా స్క్రీన్ లెక్కలోకీ వస్తుంది. కాబట్టి స్క్రీన్, బంకు లెక్క రెండూ కలిసి తగ్గుతాయి. ఏసీ, ట్రాఫిక్, టైర్లలో గాలి తగ్గడం, అన్నీ ఇలాగే.

నా 0.94కు అసలు ఉపయోగం ఇక్కడే ఉంది. రెండు అంకెలూ కలిసి పడితే కారణం రోడ్డు, డ్రైవింగ్, ఇంధనం. స్క్రీన్ అక్కడే ఉండి బంకు లెక్క ఒక్కటే పడిపోతే, పెట్రోల్ ఇంజన్‌కు చేరకముందే ఎక్కడో పోతోందని అర్థం. ముందు బండి కింద తడి, వాసన చూడండి. లీకేజీ ఉంటే ఆలస్యం చేయకుండా మెకానిక్‌కు చూపించాలి. లేకపోతే బంకు కొలత.

బంకులో 5 లీటర్ల కొలపాత్ర, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నది, తప్పనిసరిగా ఉండాలి. కొలిచి చూపించమని అడిగే హక్కు మనకుంది. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను అనుమతిస్తారు.

నేనూ ఒకసారి అడిగాను. స్క్రీన్ 16.8 చెబుతుంటే లెక్కలో 14.6 వచ్చింది. మూతి ముడుచుకుంటూనే పాత్ర తెచ్చి పట్టారు, పెట్రోల్ సరిగ్గా గీత మీద నిలబడింది. వెనకాల క్యూలో హారన్లు. ఇంటికొచ్చి నోట్‌బుక్ తిరగేస్తే సంగతి బయటపడింది. అంతకుముందు ట్యాంకు మా బావమరిది నింపించాడు, వేరే బంకులో, మొదటి కట్‌కే. ఈసారి నేను ఫోన్ మాట్లాడుతుండగా కుర్రాడు 3,000కు రౌండ్ చేసేశాడు. ఆ తర్వాతి ట్యాంకు లెక్క స్క్రీన్‌తో సమానంగా వచ్చింది, రెండూ కలిపి చూస్తే 0.93. ఆ పేజీలో పక్కన ‘రౌండ్ ఫిగర్’ అని ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకున్నాను.