జూన్‌లో ఇల్లు మారేవాళ్లకు జాగ్రత్తలు: బండి రాకముందే తేల్చుకోవాల్సినవి

మే నెలాఖరు నుంచి జూన్ మూడో వారం దాకా మన ఊళ్లలో ఇళ్లు మారేవాళ్ల హడావుడి ఎక్కువ. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. ఆషాఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు. ఈలోపే నైరుతి వానలు దిగుతాయి. మూడూ ఒకేసారి మీద పడేసరికి సామాను మోసే డీసీఎం వ్యాన్లు దొరకవు, దొరికినా రేటు పెంచి చెబుతారు.

ఇల్లు మారిన రోజు మనిషి డీలా పడేది బరువులు మోసినందుకు కాదు, మోసేది ఎలాగూ కూలీలే. బేరం తేలలేదు, లిఫ్టు వాడనిస్తారో లేదో తెలీదు, ఏసీ విప్పేవాడు ఫోను ఎత్తడు, బామ్మగారి బీపీ మాత్రలు ఏ పెట్టెలో పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఇవన్నీ ఒక్క పూటలో మీద పడితే ఇంట్లో ఒకరి మీద ఒకరికి అరుపులే. అందుకే కింద చెప్పినవాటిలో చాలామటుకు బండి రావడానికి ముందు చేసుకోవాల్సిన పనులే.

ముహూర్తం వేరు, బండి వేరు

పాలు పొంగించిన రోజే సామాను కూడా దించాలనుకోవడంతోనే సగం తంటా. ముహూర్తం ఉదయం 5 గంటలకు ఉంటే కూలీలు 9కి గానీ రారు. ఆ రోజు ఆదివారమో నెలాఖరో అయితే బండి రేటు వేరే ఉంటుంది. మంచి రోజు చూసుకుని దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు, బియ్యం, పాలు, ఒక స్టవ్ మాత్రం పట్టుకెళ్లి పాలు పొంగించి రండి. ఆ రాత్రి అక్కడే నిద్ర చేయాలనే పట్టింపు ఉంటే రెండు చాపలు, దుప్పట్లు చాలు. బండిని మాత్రం నెల మధ్యలో, మంగళ బుధవారాల్లాంటి పనిదినాన పెట్టుకోండి. అద్దె ఇంటికి ఆషాఢం పట్టింపు లేనివాళ్లయితే ఆ నెలంతా బండ్లు ఖాళీగానే ఉంటాయి, బేరమూ కుదురుతుంది.

పాలు పొంగి బర్నర్ మీద పడితే మంట ఆరిపోతుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. అందరూ దండం పెట్టుకునే హడావుడిలో ఆ సంగతి ఎవరూ గమనించరు. పాలు అంచు దాటగానే స్టవ్ కట్టేసే పని ఒకరికి ముందే అప్పజెప్పండి, వంటింటి కిటికీ తీసే ఉంచండి.

బండి, బేరం

టాటా ఏస్ లాంటి చిన్న ట్రాలీ తొట్టి సుమారు 7 అడుగులుంటుంది. ఒక గది, వంటిల్లు ఉన్న సంసారం అందులో సరిపోతుంది. డబుల్ బెడ్‌రూం ఇంటి సామాను దాన్లో రెండు మూడు ట్రిప్పులవుతుంది, ప్రతి ట్రిప్పుకీ వాన భయమే. అదే 14 అడుగుల డీసీఎం అయితే ఒక్క దఫాలో అయిపోతుంది. పెద్ద బండ్లను పగటిపూట నగరం లోపలికి రానివ్వని రోడ్లుంటాయి, కాబట్టి ఏ దారిలో, ఏ టైముకి వస్తాడో డ్రైవరునే అడగండి.

ఫోనులో తక్కువ రేటు చెప్పి, సామానంతా ఎక్కించాక “ఇంత ఉంటుందని మీరు చెప్పలేదు” అంటూ ఇంకో సగం అడగడం ఈ వ్యాపారంలో పాత ఎత్తు. అప్పటికి సామాను వాళ్ల బండిలో ఉంటుంది, మీ నోరు పెగలదు. దీనికి మందు ఒక్కటే. అటక మీద సామానుతో సహా ప్రతి గదినీ వీడియో తీసి వాట్సాప్‌లో పంపి, దాని మీద రేటు రాయించుకోండి. రెండు చోట్లా ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, బండి గేటు దాకా వస్తుందా, మంచాలు విప్పి బిగించడం అందులోనే కలిసిందా, వెయిటింగ్ ఛార్జీ ఎంత, టోలు, జీఎస్టీ ఎవరివి అనేవి కూడా అందులో ఉండాలి. అడ్వాన్సు పది శాతానికి మించి ఇవ్వకండి. మిగతాది సామాను దించి, పెట్టెలు లెక్క చూసుకున్నాకే. బండి కదిలే ముందు నంబరు ప్లేటు ఫోటో తీసుకోండి.

వేరే ఊరికి వెళ్తుంటే ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ పేరుతో మొత్తం విలువ మీద కొంత శాతం కట్టమంటారు. కడితే బీమా కంపెనీ పేరుతో పాలసీ కాగితం రావాలి. ప్యాకర్ల రసీదు మీద “ఇన్సూర్డ్” అని రాసినంత మాత్రాన అది బీమా కాదు.

అపార్టుమెంటు అసోసియేషన్‌ను వారం ముందే అడగండి. చాలా చోట్ల సామాను ఎక్కించడానికి, దించడానికి టైములుంటాయి, ఆదివారాలు ఒప్పుకోరు, షిఫ్టింగ్ ఛార్జీ కట్టాలి, ఓనరు రాసిచ్చిన కాగితం గేటు దగ్గర చూపాలి. ఇది పాత ఇంటికీ వర్తిస్తుంది. ఆ కాగితం లేక బండి గేటు దగ్గరే ఆగిపోతే వెయిటింగ్ ఛార్జీ మీదే.

కొత్త ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే ఒకసారి వెళ్లి రండి

టేపు పట్టుకెళ్లండి. వాకిలి వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు లోపలి ఎత్తు కొలిచి మీ బీరువా, డబుల్ కాట్, ఫ్రిజ్ కొలతలతో సరిచూసుకోండి. బీరువా వెడల్పు సరిపోయినా మెట్ల మలుపులో తిరగదు, చిక్కంతా అక్కడే. ప్రతి ప్లగ్గులో ఫోను ఛార్జరు పెట్టి చూడండి. ఏసీకి, గీజరుకి 16 ఆంప్స్ పెద్ద ప్లగ్గు, ఎర్తింగు ఉన్నాయా అని ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. పాతవాళ్లు వెళ్తూ వెళ్తూ బల్బులు, కొళాయి తలలు కూడా ఊడబీక్కుని పోతుంటారు, అదీ చూసుకోండి. బోరు నీళ్లా, నల్లా నీళ్లా, మోటరు ఎన్నింటికి వేస్తారు, నల్లా రోజు విడిచి రోజా అన్నది పక్కింటివాళ్లను అడిగితే ఓనరు చెప్పని నిజం కూడా తెలుస్తుంది. బొద్దింకల మందు కొట్టించాలన్నా, తలుపు తాళం మార్పించాలన్నా సామాను రాకముందే.

గోడల చెమ్మ, పగిలిన టైలు, బాత్‌రూం తలుపు కింది అంచు కుళ్లడం లాంటివన్నీ వీడియో తీసి ఆ రోజే ఓనరుకు పంపండి. ఖాళీ చేసేనాడు అడ్వాన్సులో కోత పడకుండా కాపాడేది అదే. కరెంటు బిల్లు బకాయి మనిషిని బట్టి కాదు, కనెక్షన్ను బట్టి ఉంటుంది. పాత అద్దెదారు కట్టకపోతే సరఫరా ఆగేది మీకే. బిల్లు మీది సర్వీసు నంబరుతో బకాయి చూసుకోండి. రెండు ఇళ్లలోనూ మీటరు రీడింగు ఫోటో తీయండి.

యంత్రాలు

ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి, తలుపు తీసి, ఐసు కరిగాక తుడవాలి. నిలువుగానే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గ్యాసు గొట్టాల్లోకి పాకుతుంది, దించగానే ఆన్ చేస్తే కంప్రెసర్ దెబ్బతింటుంది. నిలువుగా వచ్చినా ఒక నాలుగు గంటలు ఆగండి. దారిలో పడుకోబెట్టారని తెలిస్తే ఒక రాత్రంతా వదిలేయండి. అంటే ఆ రోజుకి పాలు, పెరుగు కొద్దిగానే ఉంచుకోవాలి.

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది. కొన్ననాడు వెనక నుంచి తీసిన మూడు నాలుగు పొడవాటి ట్రాన్సిట్ బోల్టులు మళ్లీ బిగించకుండా పంపితే ప్రతి గుంతకీ డ్రమ్ము గుద్దుకుంటుంది. కొత్త ఇంట్లో వాటిని తీయడం మరచి ఆన్ చేస్తే మెషిన్ గదంతా నడుస్తుంది. బోల్టులు పోతే కంపెనీ సర్వీసువాళ్ల దగ్గర దొరుకుతాయి. అడుగున ఉండే ఫిల్టరు విప్పి మిగిలిన నీళ్లు వంచేయండి.

స్ప్లిట్ ఏసీ విప్పే ముందు గ్యాసును బయటి యూనిట్‌లోకి లాగి, వాల్వులు మూయాలి. దీన్నే మెకానిక్కులు పంప్ డౌన్ అంటారు. అది చేయకుండా పైపులు విప్పితే గ్యాసు గాలికి పోతుంది, మళ్లీ నింపడానికి వేలల్లో ఖర్చు. బిగించేటప్పుడు పైపుల్లో గాలిని వాక్యూమ్ పంపుతో లాగించండి. ఆ పంపు తేకుండా కొద్దిగా గ్యాసు వదిలి గాలి తోసేసే మెకానిక్కులు చాలామంది. తేమ లోపలే ఉండిపోయి తర్వాత కూలింగు తగ్గేది అందుకే. వేసవి చివర్లో వీళ్లకు ఊపిరాడనంత పని, వారం ముందే చెప్పి ఉంచండి.

ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలకు పైనే తూగుతుంది, లోపల యాసిడ్. ఇన్వర్టర్ ఆపి, ముందు నెగటివ్ తీగ విప్పాలి. నిలువుగానే మోయాలి. దాని పక్కన బట్టల మూటలు పెట్టనివ్వకండి.

వంటిల్లు, ఆవకాయ జాడీలు

స్టీలు సామాను గోనె సంచుల్లోకి, గాజువి చీరముక్కల్లో చుట్టి ఐదు పొరల అట్టపెట్టెల్లోకి. పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే. పెట్టె 15 కిలోలు దాటితే అడుగు ఊడుతుంది, లేదా మోసేవాడు దబ్బున పడేస్తాడు. పెట్టె మీద “వంటిల్లు” అని రాస్తే చాలదు. “వంటిల్లు – పోపుల పెట్టె, కుక్కరు, చాకు” అని రాస్తే రాత్రి వెతుకులాట ఉండదు.

జూన్‌లో ఇల్లు మారేవాళ్ల ఇంట్లో కొత్త ఆవకాయ ఉంటుంది. నూనె పైకి తేలి, ముక్క మునిగి ఉన్నంత కాలమే దానికి ఢోకా లేదు. జాడీని లారీలో ఎక్కిస్తే కుదుపులకి నూనె ఒలుకుతుంది, పైముక్కలు నూనెలోంచి తేలిపోతాయి, వారానికల్లా బూజు. జాడీ నిండుగా ఉంటే తడిలేని గరిటెతో నాలుగో వంతు వేరే పొడి సీసాలోకి తీయండి. మూతి అంచు పొడి గుడ్డతో తుడిచి, వాసెన కట్టి, దానిపైన ప్లాస్టిక్ కవరు వేసి దారంతో బిగించి, బకెట్లో నిలబెట్టి చుట్టూ పాత బట్టలు కుక్కండి. ఆ బకెట్టు మీ కారులోనో ఆటోలోనో కాళ్ల దగ్గర రావాలి. వెళ్లాక ఒకరోజు కదపకుండా ఉంచి మూత తీయండి. ముక్క పైకి కనిపిస్తే నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లార్చి, మునిగేదాకా పోయండి.

గ్యాసు సిలిండరు నిలువుగా, రెగ్యులేటరు తీసి, సేఫ్టీ మూత పెట్టి పంపాలి. మనుషులు కూర్చునే కారు డిక్కీలో వద్దు. రబ్బరు పైపు ఐదేళ్లు దాటితే ఈ సందులోనే మార్చేయండి. బిగించాక సబ్బు నురగ రాసి చూడండి, బుడగలొస్తే కట్టేసి గ్యాసు లీకు ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయండి.

వాన

బేరంలోనే టార్పాలిన్ మాట అనేయండి, చిరుగులున్నాయో లేదో ఎక్కించకముందే విప్పించి చూడండి. పరుపులకి ప్లాస్టిక్ కవర్లు తప్పనిసరి, ఫోమ్ పరుపు లోపలిదాకా తడిస్తే వానాకాలంలో ఇక ఆరదు. అట్టపెట్టెలు లారీ నేల మీద కాకుండా మంచం పలకల మీద రావాలి. తడిసిన మిక్సీని, టీవీని తుడిచేసి వెంటనే ప్లగ్గులో పెట్టకండి.

ఆ రోజు, ఆ రాత్రి

బంగారం, పత్రాలు, సర్టిఫికెట్లు, మందులు, కళ్లజోళ్లు ఒకే సంచిలో పెట్టి ఇంటిమనిషి ఒకరు భుజాన వేసుకోవాలి. బీరువా లాకరులో ఏమీ ఉంచకండి. రెండో సంచిలో బల్బులు రెండు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, స్క్రూడ్రైవరు, కత్తెర, తాడు, టార్చి, దోమల చక్రాలు, బకెట్టు మగ్గు, సబ్బు, ఒక్కొక్కరికీ ఒక జత బట్టలు. 20 లీటర్ల నీళ్ల క్యాను ముందే చేర్పించండి.

పెద్దవాళ్లను సామాను మధ్య కుర్చీలో కూర్చోబెట్టకండి. దగ్గర్లో చుట్టాలుంటే సాయంత్రం దాకా అక్కడ ఉంచి, వాళ్ల మంచం వేసి దుప్పటి పరిచాక తీసుకురండి. రాత్రి నిద్రలో లేచి పాత ఇంటి లెక్కన బాత్‌రూం కోసం గోడవైపు నడిచి పడిపోయే ప్రమాదం మొదటి వారంలోనే ఎక్కువ. మంచం నుంచి బాత్‌రూం దాకా బెడ్‌ల్యాంపు వెలగాలి, దారిలో పెట్టెలుండకూడదు. మతిమరుపు ఉన్నవాళ్లయితే వాళ్ల పక్కగోడకి ఉండే క్యాలెండరు, ఫోటో, గడియారం ముందు ఆ గదిలో తగిలించండి. పిల్లల పుస్తకాల సంచి, యూనిఫాం బండి ఎక్కకూడదు. పిల్లి ఉంటే ఒక గదిలో పెట్టి తలుపు మీద కాగితం అంటించండి, కూలీలు తెరిస్తే మళ్లీ దొరకదు.

ఆ రాత్రి రెండు పనులు చాలు: మంచాలు బిగించడం, ఒక బాత్‌రూం వాడకానికి తేవడం. వంట బయటి నుంచి తెప్పించుకోండి.

కాగితాలు

ఊళ్లోనే మారితే గ్యాసు సిలిండరు, రెగ్యులేటరు మీ దగ్గరే ఉంటాయి, అడ్రసు మార్పించి ఏజెన్సీ మారితే బదిలీ రాయించాలి. వేరే ఊరైతే రెండూ అప్పగించి టెర్మినేషన్ వోచరు (అప్పగించినట్టు ఇచ్చే కాగితం), డిపాజిట్ తీసుకోండి. స్టవ్ మాత్రం మీ దగ్గరే ఉంటుంది. ఓటు మార్పుకి ఫారం 8, కొత్త ఓటుకి వాడే ఫారం 6 కాదు. ఆధార్, బ్యాంకు అడ్రసులు నెలలోపు మార్చుకుంటే చాలు. పిల్లల టీసీ మాత్రం బడి తెరిచేలోపే తీసుకోండి, తెరిచాక ఆఫీసులో అడ్మిషన్ల గుంపు.