సిద్ధాంత గ్రంథం సమర్పణకు ముందు: ఆకరాలు చూపడంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

సమర్పణ గడువు దగ్గరపడేసరికి పరిశోధక విద్యార్థి ధ్యాసంతా చివరి అధ్యాయం మీద, పర్యవేక్షకుల సంతకం మీద, బైండింగు మీద ఉంటుంది. పాదసూచికలు, ఉపయుక్త గ్రంథసూచి చివరి వారానికి మిగిలిపోతాయి. ఆ వారంలో ఆదరాబాదరాగా కూర్చిన సూచిలో తప్పులు దొర్లకుండా ఉండటం దాదాపు అసాధ్యం. కడప, అనంతపురం, కర్నూలు విశ్వవిద్యాలయాల్లో చరిత్ర, తెలుగు, సామాజిక శాస్త్రాలలో పరిశోధన చేస్తున్నవారిని దృష్టిలో ఉంచుకుని రాసిన జాగ్రత్తలివి. వీటన్నింటికీ మూలం ఒక్కటే నియమం: మీరు స్వయంగా తెరిచి చదివిన పుటనే ఆకరంగా, అంటే సమాచారం తీసుకున్న మూలంగా, చూపాలి.

ఈ నియమం వినడానికి తేలికగానే ఉన్నా, ఎక్కువగా తప్పేది ఇక్కడే. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువునే తీసుకుందాం. దాని మొదటి ముద్రణ 1852లో వెలువడింది. ఇతర పండితులు సవరించి, పెంచిన రెండవ ముద్రణ 1903లో, అంటే బ్రౌన్ మరణించిన 19 ఏళ్ల తరువాత, వచ్చింది. ఈనాడు అంతర్జాలంలో అందరూ వెతుక్కునే పాఠం ఈ 1903 ముద్రణకు చెందినది. విద్యార్థి అక్కడ ఒక పదానికి అర్థం చూసి, పాదసూచికలో మాత్రం ‘బ్రౌన్, 1852’ అని రాస్తాడు. సవరణకర్తలు చేర్చిన అర్థం కావచ్చునన్న అనుమానమే లేకుండా, దాన్ని పంతొమ్మిదో శతాబ్దం మధ్యనాటి వాడుకకు సాక్ష్యంగా నిలబెడతాడు. పుట సంఖ్య ఒక ముద్రణది, సంవత్సరం మరొకదానిది అయితే సరిచూడబోయిన పరీక్షకులకు ఆ పుటలో ఆ పదమే కనిపించదు. కాబట్టి చేతిలో ఉన్న ప్రతి ఏ ముద్రణో ముఖపత్రం వెనుక పుట చూసి రాసుకోవాలి. పునర్ముద్రణ అయితే మొదటి ముద్రణ సంవత్సరాన్నీ, మీరు వాడిన ప్రతి సంవత్సరాన్నీ రెండింటినీ ఇవ్వాలి.

శాసనాల విషయంలో మరింత మెలకువ అవసరం. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనాన్ని ప్రస్తావించని రాయలసీమ చరిత్ర వ్యాసం అరుదు. ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడి కాలపు ఈ శాసనం ‘క్రీ.శ. 575 నాటిది’ అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఆకరం లేకుండానే ముందుకు సాగిపోతారు. నిజానికి ఆ రాతి మీద సంవత్సరం లేదు. లిపి తీరును బట్టి పండితులు నిర్ణయించిన కాలం అది. శాసనం చెప్పిన మాటకు శాసనాన్ని, పండితులు చేసిన కాలనిర్ణయానికి వారి వ్యాసాన్ని విడివిడిగా చూపాలి. ధనుంజయుడి వంశమైన రేనాటి చోళుల శాసనాల పాఠం, శాసనాలను ప్రచురించిన ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పత్రిక 27వ సంపుటంలో ఉంది. ఆ సంపుటం చూడకుండా ఏదో పోటీపరీక్షల పుస్తకంలో చదివి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ అని రాయడం చూడనిదాన్ని చూశానని చెప్పడమే అవుతుంది. మూలం దొరకని పక్షంలో, మూలం పేరు రాసి, ఫలానా గ్రంథంలో ఉల్లేఖించిన ప్రకారం అని మీరు చదివిన పుస్తకాన్నీ పుటనూ చూపవచ్చు. అలా రాయడంలో చిన్నతనమేమీ లేదు. అయితే అధ్యాయమంతా అటువంటి సూచికలతోనే నిండిపోతే మాత్రం పరీక్షకులు తప్పక నిలదీస్తారు.

శక సంవత్సరాన్ని క్రీస్తుశకంలోకి మార్చేటప్పుడు 78 కలపడం అలవాటు. కానీ సంవత్సరం చివరి మాసాల్లోని తిథి జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడితే 79 కలపాలి. అందువల్ల శాసనంలో ఉన్న శక సంవత్సరాన్నీ మాసాన్నీ ఉన్నవి ఉన్నట్లు ఇచ్చి, దాని పక్కన మార్చిన సంవత్సరాన్ని రాయాలి. మార్చింది మీరో, శాసన పరిష్కర్తో కూడా తెలియజేయాలి.

కైఫీయత్తులను, అంటే కర్నల్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ చరిత్రలను, ఆకరంగా వాడేవారు ‘మెకంజీ కైఫీయత్తు’ అని రాసి ఊరుకుంటారు. ఈ రెండు మాటలతో ఎవరూ దేన్నీ వెతకలేరు. కైఫీయత్తు ఏ గ్రామానిది, మీరు చూసింది చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోని రాతప్రతా, లేక కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసిన సంపుటమా అన్నది స్పష్టంగా ఉండాలి. రాతప్రతి అయితే దాని సంఖ్య, పత్రం సంఖ్య ఇవ్వాలి. అచ్చుప్రతి అయితే పరిష్కర్త పేరు, సంపుటం, పుట ఇవ్వాలి. గ్రంథాలయంలో కూర్చుని ఉండగానే ఈ వివరాలన్నీ రాసుకోకపోతే, రెండేళ్ల తరువాత ఒక్క సంఖ్య కోసం మళ్లీ చెన్నై రైలెక్కవలసి వస్తుంది.

గ్రంథచౌర్యం అనగానే కావాలని చేసిన దొంగతనం గుర్తుకొస్తుంది గాని, నా అభిప్రాయంలో అందులో పెద్ద భాగం నోటు పుస్తకంలోనే పుడుతుంది. పుస్తకంలోని వాక్యాన్ని యథాతథంగా దించుకుని, ఉల్లేఖన చిహ్నాలు పెట్టకుండా, పుట సంఖ్య వేయకుండా వదిలేసిన విద్యార్థికి కొంతకాలం గడిచాక అది తన మాటో, పరుల మాటో తెలియదు. చక్కగా ఉంది కదా అని అధ్యాయంలోకి ఎక్కించేస్తాడు. నోట్సు రాసే కాగితం తలమీద గ్రంథం పేరు, ముద్రణ, ఏ గ్రంథాలయంలో చూశారన్నది ముందు రాయండి. ఎడమ అంచులో పుట సంఖ్య వేయండి. దించుకున్న వాక్యాన్ని నల్లసిరాతో చిహ్నాల మధ్య, మీ వ్యాఖ్యను నీలిసిరాతో రాయండి. కంప్యూటరు మీద రాసుకునేవారు రెండు రంగుల అక్షరాలు వాడుకోవచ్చు. మాటలు మార్చి సొంత వాక్యాల్లో చెప్పినా, ఆలోచన ఇతరులది అయినప్పుడు ఆకరం చూపవలసిందేనన్నది చాలామంది మరచిపోయే విషయం. ఇంగ్లీషు గ్రంథంలోని పేరాను తెలుగులోకి మార్చి సొంత విశ్లేషణగా పెట్టడం కూడా చౌర్యమే. అనువాదాన్ని మాటల పోలికలు వెతికే సాఫ్టువేరు పట్టుకోలేకపోవచ్చు గాని, ఆ గ్రంథం చదివిన పరీక్షకులు మొదటి రెండు వాక్యాల్లోనే పోల్చుకుంటారు.

సాఫ్టువేరు మాట వచ్చింది కనుక నిబంధనలు కూడా తెలిసి ఉండాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం సారూప్యం, అంటే ఇతర రచనలతో మాటల పోలిక, 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించిన ప్రతి ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. సరైన ఆకరంతో ఉల్లేఖించిన భాగాలను, గ్రంథసూచిని, విషయసూచికను, కృతజ్ఞతలను, చట్టాల పాఠాలను, వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసిన మాటలను ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. ‘పది శాతం వరకు ఎత్తుకోవచ్చట’ అన్న మాట హాస్టళ్లలో చెలామణిలో ఉంది. అది ఒట్టి అపోహ. సాఫ్టువేరు లెక్కించేది కలిసిన మాటలనే తప్ప చౌర్యాన్ని కాదు. రెండు శాతమే వచ్చినా, ఆ రెండు శాతం మీ ప్రధాన ప్రతిపాదన అయి, అది ఇతరులదై, వారి పేరు లేకపోతే తప్పు తప్పే. పైగా పట్టా వచ్చాక గ్రంథం, సిద్ధాంత గ్రంథాల జాతీయ అంతర్జాల భాండాగారమైన ‘శోధ్‌గంగ’లో చేరి దేశమంతటికీ అందుబాటులో ఉంటుంది. అప్పుడు బయటపడినా పట్టాను నిలుపుదల చేసే వీలు ఆ నిబంధనల్లో ఉంది.

తెలుగులో గ్రంథం సమర్పించేవారికి డీటీపీ సెంటరులో మరో చిక్కు ఎదురవుతుంది. అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కూర్చిన పాఠం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర సంకేతాలు) కాదు. సాఫ్టువేరుకు అది తెలుగుగా కనిపించదు. యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు, ఉల్లేఖన చిహ్నాలు చెదిరే ప్రమాదం ఉంది, చిహ్నం పోయిన ఉల్లేఖన సొంత వాక్యంలా మిగులుతుంది. పేజ్‌మేకర్‌లో పాదసూచికలు వాటంతటవి సర్దుకోవు కూడా. మధ్యలో ఒక పేరా తీసేస్తే 37వ సూచిక కిందికి 38వదాని వివరం చేరుతుంది. వీలైతే మొదటినుంచే యూనికోడ్‌లో, పాదసూచికలు తమంతట సర్దుకునే వర్డ్ వంటి సాధనంలో టైపు చేయించుకోవాలి. అప్పటికే అనులో చేయించి ఉంటే, చివరి ప్రూఫులో ప్రతి అంకెనూ వేలుపెట్టి సరిచూసుకోవడం తప్ప మార్గం లేదు. ఆ పని ఆపరేటరుకు వదలకూడదు.

పేర్ల దగ్గర జరిగే గందరగోళం తెలుగువారికి ప్రత్యేకం. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది. ఆకరాలు రాసే ఏపీఏ, ఎంఎల్ఏ పద్ధతులు, గ్రంథసూచి కూర్చే జొటేరో వంటి సాధనాలు చివరి మాటను వంశనామంగా తీసుకుంటాయి. యాంత్రికంగా వాటికి అప్పగిస్తే పుట్టపర్తి నారాయణాచార్యులు ‘నారాయణాచార్యులు, పుట్టపర్తి’ అవుతారు. సీమ రచయితల్లో సగంమంది ‘రెడ్డి’ కింద ఒకే కుప్పగా పడతారు. తెలుగు గ్రంథసూచిలో ఇంటిపేరు ముందుంచి, దాని క్రమంలోనే అకారాదిగా పేర్చాలి. జొటేరోలో పేరును ఒకే గడిలో రాసే వీలుంది, దాన్ని వాడుకోవాలి. కలం పేర్లకు కూడా ఒక పద్ధతి ఉండాలి. రాచమల్లు రామచంద్రారెడ్డి రచనలు ఒకచోట ఆ పేరుతోను, మరొకచోట ‘రారా’ అన్న పేరుతోను సూచిలో కనిపిస్తే ఇద్దరు రచయితలనుకునే ప్రమాదం ఉంది. ఒకదాన్ని ఎంచుకుని, రెండోదాని దగ్గర ‘చూడు’ అని రాస్తే సరిపోతుంది. ఇక ఏపీఏనా, ఎంఎల్ఏనా, షికాగోనా అన్నది మీ శాఖ నిర్ణయం. ఏదైనా ఒక్కటే గ్రంథమంతటా ఉండాలి.

జనాభా లెక్కలు వాడేవారు జిల్లాల హద్దులను గమనించాలి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలు ఏర్పడ్డాయి. కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి ప్రాంతాలు అప్పుడు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. 2011 జనగణనలోని ‘అనంతపురం జిల్లా’ అంకెను నేటి జిల్లాకు అంటగడితే పోలిక మొత్తం తప్పుతుంది. పట్టిక కింద ‘2011 నాటి హద్దుల ప్రకారం’ అని ఒక పంక్తి రాయాలి. దినపత్రికల విషయంలో జిల్లా ఎడిషన్ పేరు తప్పనిసరి. కడప ఎడిషన్ మూడో పుటలోని వార్త హైదరాబాదు ఎడిషన్‌లో ఉండకపోవచ్చు.

అందరికీ తెలిసిన విషయమే కదా అనుకున్నచోట ఒక్క క్షణం ఆగాలి. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న మాటకు ఆకరం అక్కర్లేదు. కానీ 1928 నంద్యాల సభలో ‘రాయలసీమ’ అన్న పేరును ప్రతిపాదించినది ఎవరన్న దానిమీద చిలుకూరి నారాయణరావు అని కొందరు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు అని కొందరు రాశారు. ఇటువంటిచోట ఏదో ఒక పేరు రాసేసి ఊరుకోకుండా, ఎవరు ఏ ఆధారంతో చెప్పారో ఇద్దరి ఆకరాలూ చూపి, మీరు ఎటువైపు మొగ్గుతున్నారో, ఎందుకో చెప్పాలి.

కృత్రిమ మేధ సాధనాలు అడగ్గానే గ్రంథసూచి కూర్చి ఇస్తాయి. అందులో లేని పుస్తకాలు, లేని వ్యాసాలు, నిజమైన రచయితకు అంటగట్టిన కల్పిత శీర్షికలు ఉండవచ్చు. వాటిలో ఒక్కటైనా మీ సూచిలోకి చేరితే మిగిలిన నిజమైన ఆకరాలన్నీ అనుమానాస్పదమవుతాయి. గ్రంథాలయ పట్టికలోనో, పత్రిక సంచికలోనో కంటితో చూడని ఏ శీర్షికనూ ఉంచకండి. అంతర్జాలంలోని స్కాన్ ప్రతుల పేర్లు, సంవత్సరాలు ఎక్కించినవారు తప్పుగా వేసి ఉండటం మామూలే కనుక, వెబ్ పేజీ మీది వివరాన్ని కాక, స్కాన్‌లోని ముఖపత్రాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. మారే అవకాశమున్న పేజీలకు చూసిన తేదీ రాయాలి.

సమర్పణకు పక్షం ముందు గ్రంథాన్నీ సూచినీ పక్కపక్కన పెట్టుకుని, లోపల పేర్కొన్న ప్రతి ఆకరం సూచిలో ఉందో లేదో, సూచిలోని ప్రతి పేరు లోపల ఎక్కడైనా వాడారో లేదో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. వాడని పుస్తకాలను ‘బరువు కోసం’ ఉంచడం మానుకోవాలి. వైవాలో (మౌఖిక పరీక్షలో) వాటి గురించే అడుగుతారు. ముఖ్యమైన ఆకరాల ముఖపత్రాలు, ఉల్లేఖించిన పుటలు జిరాక్సు తీయించి, అధ్యాయాల వారీగా ఒక ఫైలులో పెట్టి వైవాకు తీసుకెళ్లండి.