సొంతంగా కట్టుకున్న విమానం: ఇంజన్, ప్రొపెల్లర్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

హోమ్‌బిల్ట్ విమానంలో ఇంజన్ తేడాగా పలికిందంటే చాలామంది చూపు నేరుగా సిలిండర్ల మీదకే పోతుంది. తప్పు అక్కడ దొరికేది తక్కువ. ఇంజన్ లైకమింగ్ కంపెనీది కానివ్వండి, కాంటినెంటల్, రోటాక్స్ కానివ్వండి, లోపలి భాగాలు ఎన్నో విమానాల్లో ఎగిరి నిగ్గు తేలినవి. వాటికి మనం తగిలించిన ఇంధన పైపులు, వెంట్లు, వైర్లు, గాలిని మళ్లించే బాఫిల్ రేకులు, ప్రొపెల్లర్ బోల్టులు మాత్రం ఈ ఒక్క విమానంలోనే మొదటిసారి కలిసి పనిచేస్తున్నాయి. అందుకే బయటి నుంచి లోపలికి వెతకండి. చివరిసారి దేనిమీద చెయ్యి పెట్టారో ముందు దాన్నే చూడండి. ఒక విడతకు ఒక్కటే మార్చండి. ప్లగ్గు, జెట్టు, టైమింగ్ ఒకేసారి మార్చేస్తే ఇంజన్ బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు, జబ్బు మళ్లీ వస్తే మళ్లీ మొదటికే.

పరీక్షకు ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి, తోకను గట్టిగా కట్టాలి, కాక్‌పిట్‌లో కంట్రోల్స్ తెలిసిన మనిషి కూర్చోవాలి. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే, ప్రొపెల్లర్ ఏ క్షణానైనా తిరగవచ్చన్న భయంతోనే దాని దగ్గరికి వెళ్లాలి.

స్టార్ట్ కావడం లేదు

మాగ్నెటో (బ్యాటరీ లేకుండానే స్పార్క్ పుట్టించే పరికరం) ఉన్న ఇంజన్ అయితే ప్రొపెల్లర్ తిరిగేటప్పుడు ఇంపల్స్ కప్లింగ్ (స్టార్ట్ చేసేటప్పుడు మాగ్నెటోను విసురుగా తిప్పే స్ప్రింగ్ భాగం) 'టక్' మనాలి. ఆ చప్పుడు లేకపోతే కప్లింగ్ ఇరుక్కుంది, మాగ్నెటో విప్పాల్సిందే. రోటాక్స్ 912లో ఇగ్నిషన్‌కు బ్యాటరీ కరెంటు అక్కర్లేదు, కానీ క్రాంక్ తగినంత వేగంగా తిరగకపోతే స్పార్క్ పుట్టదు. అంటే నీరసించిన బ్యాటరీ, లూజైన గ్రౌండ్ కేబుల్ కూడా ఇగ్నిషన్ జబ్బులాగే కనిపిస్తాయి. ఇంకోటి, దాని చోక్ థ్రాటిల్ పూర్తిగా మూసి ఉన్నప్పుడే పనిచేస్తుంది. చల్లటి ఇంజన్‌కు చోక్ లాగి, అలవాటుగా థ్రాటిల్ కూడా కాస్త తెరిస్తే ఎంత తిప్పినా అందుకోదు.

మాగ్నెటో పరీక్షలో ఆర్‌పీఎం ఎక్కువ పడిపోతోంది, లేదా అసలు పడటం లేదు

ఇగ్నిషన్ రెండు వరుసలుగా ఉంటుంది. పరీక్షలో ఒకదాన్ని ఆపి, మిగిలినదాని మీద ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఎంత తగ్గుతుందో చూస్తారు. లైకమింగ్‌లో ఒక్కో మాగ్నెటో మీద తగ్గుదల 175 ఆర్‌పీఎం దాటకూడదు, రెండింటి మధ్య తేడా 50కి మించకూడదు. కాంటినెంటల్‌లో 150, 50. రోటాక్స్ 912ను 4000 దగ్గర పరీక్షిస్తారు, అక్కడ హద్దులు 300, 115. మీ ఇంజన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

ఎంత పడింది అన్నదాని కంటే ఎలా పడింది అన్నది ఎక్కువ చెబుతుంది. ఇంజన్ దడదడలాడుతూ పడితే ఎక్కడో ఒక ప్లగ్గు మండటం లేదు. నున్నగానే తిరుగుతూ బాగా పడితే టైమింగ్ వెనకబడి ఉండవచ్చు, లేదా గాలి-పెట్రోలు మిశ్రమం చిక్కబడి (పెట్రోలు ఎక్కువై) ఉండవచ్చు.

చావుబడిన ప్లగ్గును పట్టుకోవడం తేలిక. ఒక్క మాగ్నెటో మీద నడిపితే మామూలుగా అన్ని సిలిండర్ల ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత కాస్త పెరుగుతుంది. ఏ సిలిండర్‌ది కుప్పకూలిందో ప్లగ్గు దానిదే. గేజ్ లేకపోతే, తేడా చేస్తున్న మాగ్నెటో మీద ఐడిల్‌లో కాసేపు నడిపి ఆపేసి, ఎగ్జాస్ట్ పైపుల మీద నీటి చుక్కలు చల్లండి. చుర్రుమనని పైపు ఏ సిలిండర్‌దో చూడండి. ఆ ప్లగ్గును పక్క సిలిండర్‌లోకి మార్చండి. జబ్బు ప్లగ్గుతోపాటు వెళ్తే ప్లగ్గు పారేయండి. అక్కడే ఉండిపోతే వైరును, మాగ్నెటో డిస్ట్రిబ్యూటర్‌ను చూడండి.

సీసం ఉన్న పెట్రోలు వాడే ఇంజన్లలో కింది ప్లగ్గులకు సీసం గుళికలు పట్టుకుంటాయి. 1800 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య మిశ్రమాన్ని పలచబరిచి ఒక నిమిషం నడిపితే చాలాసార్లు అవే కాలిపోతాయి. పోకపోతే విప్పి శుభ్రం చేసి, గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ. మధ్య ఉందో లేదో చూడండి. ప్లగ్గు నూనెలో తడిసి వస్తే మాత్రం పిస్టన్ రింగుల సంగతి ఆలోచించాలి.

ఆర్‌పీఎం ఏమాత్రం పడలేదంటే సంతోషించకండి. ఆ మాగ్నెటోను ఆపే గ్రౌండ్ వైరు తెగిపోయింది, అంటే స్విచ్ ఆఫ్ చేసినా ఆ మాగ్నెటో బతికే ఉంది. చేత్తో ప్రొపెల్లర్ తిప్పితే ఇంజన్ అందుకోవచ్చు. ఆ వైరు సరిచేసేదాకా విమానం దగ్గరికి ఎవరినీ రానివ్వకండి. ఒకవైపు మాగ్నెటో, ఇంకోవైపు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకున్నవారికి రెండు తగ్గుదలలు సమానంగా ఉండవు. అలాంటప్పుడు ఇంజన్ ఆరోగ్యంగా ఉన్న రోజు రాసిపెట్టుకున్న అంకెలే కొలమానం.

ఎక్కుతుంటే, లేదా కాసేపు ఎగిరాక శక్తి తగ్గిపోతోంది

ప్రాణం మీదకు తెచ్చేది ఈ లక్షణమే. కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది కార్బ్యురేటర్‌లో మంచు. గాలిలో తేమ ఉంటే బయట 20 డిగ్రీల సెల్సియస్ ఉన్నా మంచు కడుతుంది, ఎందుకంటే వెంచురీలో (కార్బ్యురేటర్ ఇరుకు గొంతులో) పెట్రోలు ఆవిరవుతూ గాలిని 20 డిగ్రీలకు పైగా చల్లబరచగలదు. స్థిరమైన పిచ్ (బ్లేడు కోణం మారని) ప్రొపెల్లర్ అయితే ఆర్‌పీఎం మెల్లగా జారుతుంది, కాన్‌స్టంట్ స్పీడ్ (ఆర్‌పీఎం నిలపడానికి తన కోణాన్ని తానే మార్చుకునేది) అయితే మ్యానిఫోల్డ్ ప్రెషర్, అంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, జారుతుంది. కార్బ్యురేటర్‌లోకి వేడిగాలి పంపే నాబ్‌ను సగం కాదు, పూర్తిగా లాగండి. కరిగిన నీళ్లు ఇంజన్‌లోకి వెళ్లి కాసేపు దగ్గుతుంది. అప్పుడు భయపడి నాబ్ మూసేయకండి, ఆర్‌పీఎం తిరిగి పెరిగేదాకా ఆగండి. నేలమీద ఈ నాబ్ లాగినప్పుడు ఆర్‌పీఎం కొంత పడాలి. పడకపోతే కేబుల్ జారింది, వేడిగాలి అసలు లోపలికి రావడం లేదు.

రెండోది ట్యాంకు వెంట్. ట్యాంకులోకి గాలి రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. కుమ్మరి పురుగు ఒక్క రాత్రిలో వెంట్ గొట్టాన్ని మట్టితో మూసేయగలదు. నేలమీద ఇంజన్ నడుస్తూ నీరసిస్తే ఆపేసి ట్యాంకు మూత విప్పండి. గాలి 'ఉస్' మని లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే.

మూడోది ఇంధన ప్రవాహం చాలకపోవడం. దీన్ని ఊహతో తేల్చకండి, కొలవండి. తోక పల్లంలో పెట్టి ముక్కును ఎక్కుడు కోణం కంటే కాస్త ఎక్కువ పైకి లేపండి, ట్యాంకులో కొంచెమే పెట్రోలు ఉంచండి, కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పి డబ్బాలోకి వదలండి. గురుత్వాకర్షణ మీద దిగే పద్ధతి అయితే టేకాఫ్ వాడకానికి 150 శాతం, పంపుతో అయితే 125 శాతం రావాలి. టేకాఫ్‌లో గంటకు 36 లీటర్లు తాగే ఇంజన్‌కు మొదటి పద్ధతిలో నిమిషానికి 0.9 లీటరు, రెండోదాంట్లో 0.75 లీటరు అన్నమాట. రాకపోతే ఫిల్టర్, పైపు వంపులు, వాల్వ్ సైజు, చివరికి పైపు లోపల ఊడిన రబ్బరు పొర వరకు అన్నీ చూడండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. నేల మీద బాగానే ఉండి వేడెక్కాకే ఈ తేడా వస్తుంటే పైపులో పెట్రోలు ఆవిరి బుడగలు కడుతోంది. ఎగ్జాస్ట్‌కు దగ్గరగా పోయే పైపును దూరం జరపండి, వేడిని ఆపే తొడుగు వేయండి.

సిలిండర్లు వేడెక్కుతున్నాయి

లైకమింగ్ సిలిండర్ హెడ్‌కు గరిష్ఠ హద్దు 260 డిగ్రీల సెల్సియస్, కానీ ఎక్కువ కాలం మన్నాలంటే 205 లోపు ఉంచాలి. అన్నీ వేడెక్కుతుంటే బాఫిల్, టైమింగ్, మిశ్రమం అన్న వరుసలో చూడండి. చీకట్లో కౌలింగ్ (ఇంజన్ మీది కప్పు) లోపల దీపం పెట్టి బయటి నుంచి వెలుగు ఎక్కడెక్కడ కారుతోందో గమనిస్తే గాలి తప్పించుకునే సందులు తెలుస్తాయి. సీలు రబ్బరు గాలి ఒత్తిడి ఉన్న వైపుకు ఒరిగి ఉండాలి. దానికి అవతలి వైపుకు తిరగబడితే ఒత్తిడి దాన్ని తెరిచేస్తుంది. ఒక్కటే వేడెక్కుతూ, ఇంజన్ ఐడిల్‌లో వణికి ఫుల్ థ్రాటిల్‌లో నున్నగా ఉంటే, ఆ సిలిండర్ ఇన్‌టేక్ గ్యాస్కెట్ దగ్గర గాలి దూరుతోంది. గ్యాస్కెట్ చుట్టూ పెట్రోలు మరక సాక్ష్యమిస్తుంది.

ఆయిల్ ప్రెషర్ గురించి ఒక్కటే నియమం. స్టార్ట్ అయ్యాక 30 సెకన్లలో (రోటాక్స్ 912లో 10 సెకన్లలో) సూది లేవకపోతే ఆపేయండి, తర్వాత కారణం వెతకండి. సెన్సర్ గ్రౌండ్ చెడిపోయి ఉండవచ్చు, కానీ అది వేరే గేజ్‌తో నిరూపించాకే నమ్మాలి.

అదురు

ఇంజన్ అదురుకూ ప్రొపెల్లర్ అదురుకూ తేడా ఉంది. ప్రొపెల్లర్ తేడా ఆర్‌పీఎం పెరిగేకొద్దీ పెరుగుతుంది, ఇగ్నిషన్ తేడా స్విచ్‌తో మాగ్నెటో మార్చగానే మారుతుంది. ముందు స్పినర్ (ప్రొపెల్లర్ మధ్యలో ఉండే కోసుగా ఉన్న మూత) విప్పేసి నేల మీద నడపండి, ఎందుకంటే సరిగ్గా కేంద్రం కుదరని స్పినర్ చేసే గొడవను జనం ప్రొపెల్లర్ మీద వేస్తారు. తర్వాత బ్లేడు కొన పక్కన ఒక పెట్టె నిలబెట్టి, ప్లగ్గులు విప్పి చేత్తో తిప్పి చూడండి. ఒక బ్లేడు కొనకూ ఇంకోదానికీ ముందువెనకల తేడా లోహపు ప్రొపెల్లర్‌కు 1.5 మి.మీ., చెక్కదానికి 3 మి.మీ. దాటకూడదు.

చెక్క ప్రొపెల్లర్‌ను బోల్టులు కాదు, దాని హబ్‌కూ (మధ్య భాగానికీ) ఇంజన్ ఫ్లాంజ్‌కూ (అది బిగిసే పళ్లేనికీ) మధ్య రాపిడి మోస్తుంది. పొడి గాలిలో చెక్క కుంచించుకుపోతే బిగింపు సడలి, రెండూ రాసుకుని హబ్ ముఖం నల్లగా కాలుతుంది. అందుకే కొత్తగా బిగించిన మొదటి ఎగురుడు తర్వాత, ఆపై వాతావరణం మారినప్పుడల్లా టార్క్ (బోల్టుల బిగువు) చూడాలి. బిగువు ఎక్కువైతే చెక్క నలిగిపోతుంది, కాబట్టి తయారీదారు చెప్పిన అంకెనే వాడండి. కాలిన మరక కనిపించినా, బోల్టు రంధ్రాలు సాగినా ఆ ప్రొపెల్లర్ మళ్లీ ఎగరకూడదు. నిలిపినప్పుడు బ్లేడులు అడ్డంగా ఉంచితే తేమ ఒక బ్లేడులోకే దిగదు.

లోహపు బ్లేడు ముందంచున రాయి తగిలిన చిన్న గాటు దగ్గరే పగులు మొదలవుతుంది. తయారీదారు ఇచ్చిన హద్దుల్లో ఉంటే నున్నగా రాసి మెరుగుపెట్టండి. వంగిన బ్లేడును ఇంట్లో సరిచేయకండి. ప్రొపెల్లర్ నేలను తాకి ఉంటే బ్లేడు మార్చడంతో పని అయిపోదు, క్రాంక్‌షాఫ్ట్ తనిఖీ అయ్యాకే ఆ ఇంజన్ నడవాలి. అన్నీ సరిగ్గా ఉండి ఇంకా అదురుతుంటే డైనమిక్ బ్యాలెన్సింగ్ చేయించండి. అదురు వేగం సెకనుకు 0.2 అంగుళం దాటితే సరిచేయాలి, 0.07 లోపు వస్తే చాలా బాగున్నట్టు.

ఆర్‌పీఎం అందడం లేదు, దాటిపోతోంది, ఊగుతోంది

బ్లేడు కోణం మార్చే ముందు టాకోమీటర్‌ను (ఆర్‌పీఎం చూపే గేజ్‌ను) ఆప్టికల్ టాకోతో (బ్లేడులు దాటడాన్ని వెలుగుతో లెక్కించేదానితో) సరిచూడండి. అందులో బ్లేడుల సంఖ్య తప్పు పెడితే అంకె మొత్తం తప్పుతుంది. రోటాక్స్‌కు గేర్ నిష్పత్తి కూడా లెక్కేయాలి. 2.43 గేర్‌బాక్స్‌లో ఇంజన్ 5800 అంటే ప్రొపెల్లర్ 2387 మాత్రమే. నేలమీద సర్దుకునే ప్రొపెల్లర్‌లో అన్ని బ్లేడులకూ ఒకే కోణం పెట్టండి, అరడిగ్రీ తేడా కూడా అదురుగా బయటపడుతుంది.

కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ ఊగుతుంటే ఆయిల్‌లో గాలి చేరి ఉండవచ్చు. రన్-అప్‌లో (ఎగిరే ముందు నేలమీద చేసే ఇంజన్ పరీక్షలో) పిచ్ లీవర్‌ను కొన్నిసార్లు తిప్పితే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే గవర్నర్‌ను (ఆయిల్‌తో బ్లేడు కోణాన్ని సర్దే పరికరాన్ని) చూడండి. ఒకే ఇంజన్ ఉన్న చాలా విమానాల్లో ఆయిల్ ప్రెషర్ పోతే బ్లేడులు ఫైన్ పిచ్‌కు (తక్కువ కోణానికి) వచ్చేసి ఆర్‌పీఎం హద్దు దాటుతుంది. అప్పుడు థ్రాటిల్ తగ్గించి, వేగం తగ్గించి, ఆయిల్ ప్రెషర్ సూది చూస్తూ దగ్గర్లో దిగే చోటు వెతకాలి.