ఇంజిన్ వేడెక్కుతోందా, కూలెంట్ చెడిందా? కారణం ఎలా పట్టుకోవాలి?

బండి నడుపుతుండగా టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు జరిగితే ముందు చేయాల్సిన పని ఒక్కటే, పక్కకు తీసి ఆపడం. ఇంకో రెండు కిలోమీటర్లే కదా, ఇంటికెళ్లి చూద్దాం అనుకోవద్దు. చాలా కార్లలో మామూలు వేడిలో ఎంత తేడా వచ్చినా ముల్లు మధ్యలోనే నిలబడేలా తయారు చేస్తారు, కాబట్టి అది కదిలిందంటే వేడి అప్పటికే హద్దు దాటుతున్నట్టు. ఆ రెండు కిలోమీటర్లలో అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగిపోయిందంటే, ఒక హోస్ పైపుతో తీరిపోయే పని కాస్తా ఇంజిన్ విప్పేదాకా వస్తుంది.

ఆపే చోటు దొరికేలోపు ఏసీ కట్టేసి హీటర్ ఫుల్‌లో పెట్టండి. లోపల కూర్చోలేనంత వేడిగా ఉంటుంది, నిజమే, కానీ హీటర్‌కి వేడి వచ్చేది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) నుంచే కాబట్టి ఆ మేరకు ఇంజిన్ వేడి తగ్గుతుంది. ఇంకో మాట, పైకి వెళ్లిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే చల్లబడిందని సంబరపడకండి. కూలెంట్ అంతా పోయి, సెన్సర్ ఒట్టి ఆవిరిలో మిగిలినప్పుడు కూడా ముల్లు అలాగే పడిపోతుంది. ఆ పరిస్థితిలో ఒక్క నిమిషం కూడా ఇంజిన్ నడపకూడదు.

1. మూత దగ్గర తొందర వద్దు

ఇంజిన్ ఆపేసి కనీసం గంట వదిలేయండి. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన ద్రవం రేడియేటర్ లేదా కూలెంట్ ట్యాంకు మూత ఒత్తిడి కింద దాదాపు 125 డిగ్రీల దాకా మరగకుండా ఉండగలదు, మీరు మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి మొత్తం ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. గుడ్డ అడ్డం పెట్టుకున్నా కాలుతుంది. రేడియేటర్ పై హోస్‌ని గుడ్డతో పట్టుకుని నొక్కి చూడండి, గట్టిగా ఉంటే ఇంకా ఆగాలి, మెత్తగా లోపలికి పోయి, చల్లగా కూడా ఉంటే అప్పుడు తీయొచ్చు. ఫ్యాన్ దగ్గర చేతులు పెట్టకండి, ఇంజిన్ ఆగి ఉన్నా ఎలక్ట్రిక్ ఫ్యాన్ తనంతట తాను తిరగడం మొదలుపెట్టొచ్చు.

2. ఎప్పుడు వేడెక్కుతోందో గుర్తు తెచ్చుకోండి

చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) మార్చేసి, తగ్గలేదని వాటర్ పంప్ మార్చేసి, ఆ తర్వాత రేడియేటర్ మీద పడతారు. దయచేసి అలా చేయకండి, ఒక్క పార్టు కొనకముందే సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రమే వేడెక్కి, వేగం అందుకోగానే తగ్గుతోందంటే ముందుగా చూడాల్సింది ఫ్యాన్. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేయండి, చాలా కార్లలో ఫ్యాన్ వెంటనే తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి. అలా కాకుండా ఎక్కువ వేగంలోనో ఎత్తు ఎక్కేటప్పుడో వేడెక్కుతుంటే కూలెంట్ సరిగ్గా తిరగడం లేదని, అంటే రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండాలి, లేదా పంప్ అరిగి ఉండాలి. స్టార్ట్ చేసిన కాసేపటికే ముల్లు ఎగబాకుతూ రేడియేటర్ మాత్రం చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదేమో అనుకోవచ్చు. ఇంజిన్ కాలిపోతున్నా హీటర్ నుంచి చల్లగాలి వస్తోందంటే కూలెంట్ తక్కువుంది, లేదా మధ్యలో గాలి చేరింది.

థర్మోస్టాట్ మీద అనుమానముంటే విప్పి ఒక గిన్నె నీళ్లలో వేసి కాయండి. ఎన్ని డిగ్రీలకి తెరుచుకోవాలో చాలావాటి మీద చెక్కి ఉంటుంది, మామూలుగా 82 నుంచి 95 మధ్య. నీళ్లు మరుగుతున్నా తెరుచుకోలేదంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

3. నీళ్లు ఎటు పోతున్నాయి?

లెవెల్ తగ్గిందంటే పోసేసి ఊరుకోకండి, పోయింది ఎక్కడికో ఒకచోటికి పోయింది కదా. హోస్ క్లాంపులు, రేడియేటర్ అంచులు, వాటర్ పంప్ అడుగున ఉండే చిన్న కన్నం, ఇవన్నీ టార్చ్ వేసి చూడండి. కారిన చోట ఎండిపోయిన పొక్కులాగా రంగు మరక ఉంటుంది. ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా ఉండి, అద్దం మీద జిడ్డు ఆవిరి పడుతుంటే హీటర్ కోర్ (కారు లోపల హీటర్‌కి వేడినిచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది. మూత రబ్బరు పగిలినా సరే, ఒత్తిడి నిలవక కూలెంట్ ముందే మరిగి బయటికి పోతుంది. బయట ఎక్కడా తడి లేకుండా బండి నీళ్లు తాగేస్తోందంటే అది లోపలికే పోతోంది, ఆ సంగతి కింద చెప్తాను.

4. కూలెంట్‌ని గాజు గ్లాసులో పోసి చూడండి

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. ఇంజిన్ చల్లబడ్డాక సిరంజితో ట్యాంకులోంచి కాస్త తీసి, తాగడానికి వాడని గ్లాసులో పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. ట్యాంకు ప్లాస్టిక్కు బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు, గ్లాసులో అన్నీ విడిపోయి కనిపిస్తాయి.

అడుగున ఎర్రమట్టిలాంటి పొడి దిగితే అది తుప్పు, చాలాకాలం ఒట్టి నీళ్లు వాడారనో కూలెంట్ వయసైపోయిందనో అర్థం. జెల్లీలా ముద్దలు కనిపిస్తే పడని రెండు రకాల కూలెంట్లు కలిపి ఉండాలి. రంగు ఒకటే కదా అని కలపడం పెద్ద తప్పు, ఆకుపచ్చ, ఎరుపు అనేవి కంపెనీ వేసే రంగులే తప్ప లోపలి రసాయనం గురించి ఏమీ చెప్పవు, మీ కారు పుస్తకంలో రాసిన రకం చూసి కొనండి. పైన ఆయిల్ పొర తేలినా, మొత్తం లేత గోధుమరంగు మీగడలా చిక్కబడినా ఇంజిన్ ఆయిల్ కలిసింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న కారులో గులాబీరంగు చిక్కటి ద్రవం కనిపిస్తే గేర్ ఆయిల్ కూలర్ చిల్లు పడిందని అనుమానించాలి. అలాంటప్పుడు కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి కూడా పోయి ఉండొచ్చు, అది తేలేదాకా బండి నడపకండి.

ఆయిల్ కనిపించగానే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయిందని తేల్చేస్తారు. నా పాత కారుకి అదే జరిగింది. ట్యాంకు మూత తీస్తే మూతకే వేలు మందాన జిడ్డు మీగడ అంటుకుని ఉంది, చూసిన మెకానిక్ హెడ్ దించాల్సిందే అన్నాడు. కానీ డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) తీసి తెల్లగుడ్డకి తుడిస్తే ఆయిల్ శుభ్రంగా ఉంది, తెల్లపొగ లేదు, ఇంజిన్ వణుకు లేదు. చివరికి తేలింది ఆయిల్ కూలర్, అంటే ఇంజిన్ ఆయిల్‌ని కూలెంట్‌తో చల్లబరిచే భాగం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడి కంటే చాలా ఎక్కువ, అందుకే కూలర్‌లో చిన్న పగులు వచ్చినా ఆయిలే కూలెంట్‌లోకి తోసుకొస్తుంది. కాబట్టి కూలెంట్‌లో ఆయిల్ ఉండి, ఆయిల్‌లో నీళ్లు లేకపోతే, హెడ్ విప్పే ముందు ఆయిల్ కూలర్‌ని ఒత్తిడి పెట్టి పరీక్ష చేయమని అడగండి.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. ఆయిల్ పోసే మూత కింద కొంచెం తెల్లనురుగు కనిపిస్తే కంగారు పడకండి, చలికాలంలో చిన్నచిన్న దూరాలే తిరిగే బండికి గాలిలోని తేమ వల్ల కూడా అలా వస్తుంది. డిప్‌స్టిక్ మీద ఉందా లేదా అన్నదే ముఖ్యం. అక్కడ కూడా తెల్లగా ఉంటే స్టార్ట్ చేయొద్దు, నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులని కొద్ది సేపట్లోనే తినేస్తుంది.

5. హెడ్ గ్యాస్కెట్‌ని రుజువుతో తేల్చుకోండి

రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడితే, ఇంకా వేడే ఎక్కలేదు కాబట్టి ఆ ఒత్తిడి సిలిండర్ నుంచి వస్తోందని అనుమానించాలి. ట్యాంకులో ఆగకుండా బుడగలు రావడం, వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ, ఒక స్పార్క్ ప్లగ్గు మాత్రం కడిగినట్టు తెల్లగా ఉండడం, ఇవన్నీ అదే కథ చెప్తాయి. రుజువు కావాలంటే బ్లాక్ టెస్ట్ చేయించండి. ట్యాంకు మూతి మీద పెట్టిన గొట్టంలోని నీలిరంగు ద్రవం గుండా ట్యాంకులోని గాలి లాగుతారు, అందులో ఇంజిన్ పొగ కలిసి ఉంటే పెట్రోలు బండికి రంగు పసుపుకి మారుతుంది.

6. ముందు రిపేరు, తర్వాతే కడగడం

కారణం బాగు చేయకుండా ఫ్లష్ చేస్తే కొత్త కూలెంట్ వృథా. రిపేరయ్యాక పాతది పూర్తిగా ఒక తొట్టిలోకి దించండి, కాలవలో పారబోయకండి. ఇందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకి చచ్చిపోతాయి, చిన్నపిల్లలకీ అంతే ప్రమాదం. తర్వాత డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ ఫుల్‌లో పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, చల్లార్చి దించండి. తేటగా వచ్చేదాకా ఇదే పని. ఆయిల్ కలిసినదైతే ఒట్టి నీళ్లకి వదలదు, జిడ్డు తీసే కూలింగ్ సిస్టమ్ క్లీనర్ వేసి నాలుగైదు సార్లు కడగాల్సి రావొచ్చు, ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడిన హోసులు మార్చక తప్పదు.

నింపేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఎంత దించినా లోపల కొన్ని నీళ్లు మిగులుతాయి, దాని మీద ముందే కలిపిన కూలెంట్ పోస్తే పలచనైపోతుంది. మొత్తం సామర్థ్యం 6 లీటర్లనుకుంటే ముందు 3 లీటర్ల చిక్కటి (నీళ్లు కలపని) కూలెంట్ పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి కూలెంట్ ధారగా వచ్చాక బిగించండి.

తర్వాత వారం రోజులు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూడండి. మొదటి రెండు రోజులు లోపలి గాలి బయటికొచ్చి కాస్త దిగుతుంది, ఆ తర్వాత నిలబడాలి. వారం చివర మళ్లీ ఒక గ్లాసు తీసి రాత్రంతా ఉంచండి. మొదటిసారి పల్చటి ఆయిల్ పొర కనిపిస్తే పాత జిడ్డే కావచ్చు, ఇంకోసారి కడగండి, ఆ తర్వాత కూడా పొర మందమవుతుంటే మాత్రం అసలు పగులు ఇంకా అలాగే ఉంది, మళ్లీ ఆయిల్ కూలర్ నుంచి మొదలుపెట్టాలి.