ఫర్టిలిటీ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3: ట్రిగ్గర్ ఇంజెక్షన్ తర్వాత ఏం జరుగుతుంది?

పోయిన పాఠం ఎఫ్‌ఎస్‌హెచ్ దగ్గర ఆపాం. స్కాన్‌లో ఫాలికల్ (అండాశయంలో అండం పెరిగే చిన్న సంచి) 18 మిల్లీమీటర్లకు చేరిందంటే అది ఆ హార్మోన్ చలవే. అయితే ఫాలికల్ పెరగడం వేరు, లోపలున్న అండం పక్వానికి రావడం వేరు. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి అయినా, బంజారాహిల్స్ అయినా, ఫర్టిలిటీ సెంటర్లకు తిరిగేవాళ్లను తరచూ తికమక పెట్టేది ఇదే: "సైజు బాగుందన్నారు కదా, మరి ఎం2లు (పక్వానికి వచ్చిన అండాలు) ఇన్నేనా?"

ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలు విభజన మొదలుపెట్టి, మధ్యలోనే ఆగిపోతాయి. అండంలో సైక్లిక్ ఏఎంపీ అనే అణువు దండిగా ఉన్నంతకాలం అది ముందుకు కదలదు. ఆ నిల్వ తరగకుండా చూసేది చుట్టూ అంటుకుని ఉండే క్యుములస్ కణాలు. అవి సైక్లిక్ జీఎంపీ అనే మరో అణువును అండంలోకి పంపుతూ ఉంటాయి, అది ఏఎంపీని విరిచే ఎంజైమ్‌కు అడ్డుపడుతుంది. అంటే బ్రేకు మీద కాలు అండానిది కాదు, దాని ఇరుగుపొరుగుది. 1935లో పింకస్, ఎన్జ్‌మన్ అనే శాస్త్రవేత్తలు కుందేలు అండాన్ని ఫాలికల్ నుంచి బయటికి తీసి చూశారు. ఏ హార్మోనూ ఇవ్వకుండానే విభజన మళ్లీ మొదలైంది!

ఇక ఎల్‌హెచ్, అండాన్ని పక్వానికి రమ్మని కబురు పంపే హార్మోన్. ట్రిగ్గర్‌గా, అంటే అదే కబురు పంపేందుకు ఇంజెక్షన్‌గా వేసే హెచ్‌సీజీ అనే హార్మోన్ కూడా ఎల్‌హెచ్ రిసెప్టర్‌కే అతుక్కుంటుంది. అది నేరుగా వెళ్లి అండాన్ని లేపుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. కబురు ముందు అందేది ఫాలికల్ గోడలోని గ్రాన్యులోసా కణాలకు. అవి యాంఫిరెగ్యులిన్, ఎపిరెగ్యులిన్ అనే గ్రోత్ ఫ్యాక్టర్లను వదులుతాయి. ఇవి క్యుములస్ కణాలను తాకుతాయి. జీఎంపీ పడిపోతుంది, ఏఎంపీని విరిచే ఎంజైమ్‌కు అడ్డు తొలగుతుంది, అండం కేంద్రకం పొర కరిగిపోతుంది. ఈ వరస ఒకటికి రెండుసార్లు చదవండి, మిగతాదంతా దీని మీదే నిలుస్తుంది. అండం కూడా ఊరికే ఉండదు: జీడీఎఫ్9, బీఎంపీ15 అనే సొంత గ్రోత్ ఫ్యాక్టర్లతో ఆ క్యుములస్ కణాలను తీర్చిదిద్దుకుంటుంది.

ఇప్పుడు రిపోర్టు తీయండి. మైక్రోస్కోప్‌లో కేంద్రకం ఇంకా కనిపిస్తుంటే జీవీ, కబురు పనిచేయనట్టు. కేంద్రకం పోయింది కానీ పక్కన ఇంకేమీ లేదంటే ఎం1, దారిలో ఉంది. అండం అంచున, పై పొర కింద చిన్న పూస లాంటి పోలార్ బాడీ కనిపిస్తే ఎం2. ఇక్సీకి (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి) ఎంచుకునేది వీటినే.

ఈ ప్రయాణానికి టైమ్ కావాలి, అందుకే ట్రిగ్గర్ వేశాక సాధారణంగా 34 నుంచి 36 గంటలకు పికప్ (అండాలను బయటికి తీయడం) పెడతారు. త్వరగా తీస్తే అండాలు పచ్చిగానే ఉండొచ్చు, మరీ ఆలస్యమైతే ఫాలికల్ పగిలిపోవచ్చు. రాత్రి పదిన్నరకు వేసుకోమంటే పదిన్నరకే వేసుకోవాలి. పికప్ రోజు పొద్దున ట్రాఫిక్ ఎలా ఉంటుందో మన ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు కాబట్టి, కాస్త ముందే బయల్దేరండి.

అభ్యాసం: సోమవారం రాత్రి 10.30కి ట్రిగ్గర్ వేశారు. 36 గంటలకు పికప్ అంటే ఏ రోజు, ఎన్నింటికి? రిపోర్టులో 12 అండాలు, అందులో 8 ఎం2, 3 ఎం1, 1 జీవీ. ఇక్సీకి ఎన్ని పనికొస్తాయి? ఇదే రిపోర్టులో 10 జీవీలు ఉండి ఉంటే డాక్టర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఏమిటి? ట్రిగ్గర్ వేసిన టైమ్, మోతాదు గుర్తుంచుకుని ఆలోచించండి. జవాబులు నాలుగో పాఠంలో.