ఒకే డిష్‌తో భవనమంతటికీ శాటిలైట్ టీవీ, డిజిటల్ రేడియో అందించడం ఎలా?

ఇందుకు డిష్, యూనివర్సల్ క్వాట్రో ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు బిగించే, ఉపగ్రహ సిగ్నల్‌ను అందుకునే భాగం), డిజిటల్ రేడియో యాంటెన్నా, ఇళ్ల సంఖ్యకు సరిపడే మల్టీస్విచ్ (సిగ్నల్‌ను ఒక్కో ఇంటికీ పంచే పెట్టె), దాని ముందుంచే యాంప్లిఫయర్ (సిగ్నల్‌ను పెంచే పరికరం), లోపలి తీగ పూర్తి రాగితో చేసిన కోయాక్సియల్ కేబుల్, గోడ సాకెట్లు, సిగ్నల్ మీటరు కావాలి. మీటరు లేనివారు ఈ పనికి పూనుకోకూడదు.

1. డిష్‌ను ఉపగ్రహం వైపు సరిచేసి బిగించి, స్తంభాన్నీ మల్టీస్విచ్‌నూ ఎర్తింగ్‌కు కలపండి. 174 నుంచి 240 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే రేడియో యాంటెన్నాను నిలువుగా నిలిపి, దాని కేబుల్‌ను మల్టీస్విచ్‌లోని టెరెస్ట్రియల్ (నేలపై ట్రాన్స్‌మిటర్ల సిగ్నల్‌కు ఉద్దేశించిన) ఇన్‌పుట్‌కు ఇవ్వండి.

2. ఎల్‌ఎన్‌బీ నుంచి నాలుగు కేబుళ్లు దించి, రెండు చివరలా పేర్లు రాయండి. నిలువు, అడ్డ పోలరైజేషన్లలో (తరంగాలు కంపించే దిశల్లో) ఒక్కొక్కదానికి దిగువ, ఎగువ బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీ శ్రేణులు) ఉంటాయి; అలా మొత్తం నాలుగు. ఇవి తారుమారైతే చానెళ్లు కనిపించవు. క్వాట్రోకు బదులు క్వాడ్ కొనితెచ్చేవారు చాలామంది. క్వాడ్ అయితే, రిసీవర్ (టీవీకి కలిపే సెట్‌టాప్ బాక్స్) ఇచ్చే ఆదేశాన్ని బట్టి బ్యాండు మార్చుకుంటుంది కనుక సాధారణ మల్టీస్విచ్‌కు పనికిరాదు.

3. మల్టీస్విచ్ నుంచి ప్రతి సాకెట్‌కూ విడిగా ఒక కేబుల్ లాగండి. ఖర్చు తగ్గుతుందని ఒకే కేబుల్‌ను స్ప్లిట్టర్‌తో రెండు ఇళ్లకు పంచడం సరికాదు: రిసీవర్ 13 లేదా 18 వోల్టులు పంపి పోలరైజేషన్‌ను ఎంచుకుంటుంది, ఒక ఇంటివారు 18 కోరితే రెండో ఇంటివారు 13తో చూస్తున్న చానెల్ పోతుంది. ఒకే కేబుల్‌పై పలు రిసీవర్లను నడిపే పద్ధతి వేరే ఉన్నా, దానికి అనుకూలమైన రిసీవర్లే కావాలి కాబట్టి కేబుల్ వేసే వీలున్న భవనంలో విడి కేబులే వేయాలి. కనెక్టర్లు కంప్రెషన్ రకానివే వాడండి, మెలితిప్పేవి వద్దు.

4. ఎక్కువమంది చెడగొట్టేది సిగ్నల్ స్థాయిని సరిచేసే ఈ దశనే. సాకెట్ దగ్గర శాటిలైట్ స్థాయి 47 నుంచి 77 డెసిబెల్ మైక్రోవోల్టుల మధ్య ఉండాలి. నేను మాత్రం 55 నుంచి 65 మధ్యనే ఉంచుతాను. బొమ్మ ముక్కలైతే సిగ్నల్ బలహీనంగా ఉందనుకుని యాంప్లిఫయర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెంచేస్తారు. కానీ సిగ్నల్ మితిమీరినా యాంప్లిఫయర్‌లో వికృతి పుట్టి బొమ్మ అలాగే ముక్కలవుతుంది; అప్పుడు గెయిన్ తగ్గించడమే మందు.

కేబుల్ అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకేలా తగ్గించదు. సాధారణ ఆర్‌జీ6 కేబుల్ 40 మీటర్ల పొడవులో 950 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 7 డెసిబెళ్లు పోగొడితే, 2150 దగ్గర సుమారు 11 పోగొడుతుంది. అందువల్ల గెయిన్‌ను కనిష్ఠానికి తెచ్చి, అన్నిటికంటే దూరపు సాకెట్ దగ్గర 950, 2150 అనే రెండు చివరి ఫ్రీక్వెన్సీలనూ కొలిచి, ముందు యాంప్లిఫయర్‌పై ఉన్న స్లోప్ నాబ్‌తో ఆ తేడాను సరిచేసి, ఆ తరువాతే గెయిన్‌ను మెల్లగా పెంచాలి. పిమ్మట అన్నిటికంటే దగ్గరి సాకెట్‌ను కొలవండి. అక్కడ స్థాయి ఎక్కువైతే మొత్తం గెయిన్ తగ్గించకుండా ఆ ఒక్క లైనులో అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే చిన్న భాగం) పెట్టండి. నాలుగు బ్యాండ్లనూ విడివిడిగా కొలవాలి; స్థాయితో పాటు మీటరు చూపే బిట్ ఎర్రర్ రేటునూ (అందిన డేటాలో తప్పుల నిష్పత్తినీ) గమనించాలి.

రేడియో స్థాయిని వేరుగా చూడండి. తక్కువ ఫ్రీక్వెన్సీ కనుక కేబుల్‌లో అది అంతగా తగ్గదు. ట్రాన్స్‌మిటర్ దగ్గరలో ఉంటే దాన్ని పెంచనే వద్దు.

5. ఖాళీగా మిగిలిన అవుట్‌పుట్లను 75 ఓముల టెర్మినేటర్లతో మూసి, ప్రతి సాకెట్ కొలతనూ కాగితంపై రాసి మల్టీస్విచ్ పెట్టె తలుపు లోపల అంటించండి.