భుజం దాటి లేచే బంతి: వేసవి మ్యాచ్‌లకు ముందే చూసుకోవాల్సినవి

చలికాలమంతా టెన్నిస్ కోర్టులో నడుము ఎత్తులో వచ్చే బంతులు కొట్టుకుంటూ హాయిగా గడిపేస్తాం. ఏప్రిల్ వచ్చి క్లబ్ టోర్నమెంట్లు మొదలయ్యేసరికి అదే కోర్టులో తడబడతాం. ఎండకు బంతి లోపలి గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, బౌన్స్ కూడా పెరుగుతుంది. రూల్ ప్రకారం 100 అంగుళాల ఎత్తు నుంచి వదిలిన మామూలు బంతి 53 నుంచి 58 అంగుళాల దాకా లేవాలి. ఆ పరీక్ష చేసేది 20 డిగ్రీల దగ్గర. విజయవాడ ఎండలో ఆ లెక్క ఎటు పోతుందో మీకే తెలుసు. దానికి టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లేలా తిప్పి కొట్టడం) తోడైతే బంతి చివర్లో ఒక్కసారిగా కిందికి దిగి, నేరుగా భుజం మీదికి లేస్తుంది.

పోయిన వేసవిలో అరవై దాటిన ఒక పెద్దాయన చేతిలో 6-2, 6-1తో ఓడిపోయాను. ఆయన గట్టిగా కొట్టిన బంతి ఒక్కటీ లేదు. నా బ్యాక్‌హ్యాండ్ వైపు (రాకెట్ పట్టిన చేతికి అవతలి వైపు) ఎత్తుగా, కోర్టు వెనక గీత అయిన బేస్‌లైన్‌కి అడుగు లోపల పడేలా వేస్తూ పోయారు, అంతే. మ్యాచ్ అయ్యాక "ఏం బాబూ, ఎండెక్కువైందా?" అని నీళ్ల సీసా అందించారు. అది తాగడం ఓడిపోవడం కంటే కష్టమైంది.

అందరూ మర్చిపోయే జాగ్రత్త బంతుల విషయంలోనే. రోజూ ప్రాక్టీస్ చేసేది నెల్లాళ్ల కిందటి చచ్చిన బంతులతో. మ్యాచ్‌లో తెరిచేది కొత్త డబ్బా. తేడా ఒక్కోసారి జానెడు ఉంటుంది. కాబట్టి టోర్నీకి వారం ముందే కొత్త డబ్బా ఒకటి తెరవండి. ఖర్చని వెనకాడితే మొదటి రౌండ్ ఎంట్రీ ఫీజు ఎలాగూ దండగే.

ఇక అసలు సంగతి కాళ్లది. లోతుగా, అంటే బేస్‌లైన్ దగ్గర పడేలా వచ్చే బంతికి మూడు దారులున్నాయి: వెనక్కి వెళ్లి అది నడుము ఎత్తుకి దిగాక కొట్టడం, ముందుకొచ్చి లేస్తుండగానే కొట్టడం, ఇంకా ముందుకొచ్చి కింద పడకముందే గాల్లోనే కొట్టడం. మూడూ మంచివే. ఏదీ తేల్చుకోకుండా బేస్‌లైన్ మీదే నిలబడితే మాత్రం బంతి చెవి పక్కకొస్తుంది. అవతలివాడి రాకెట్ నుంచి బంతి ఎత్తుగా లేవగానే తేల్చుకోవాలి. నెట్ దాటాక ఆలోచిద్దామంటే ఆలస్యమైపోయినట్టే.

వెనక్కి వెళ్లేటప్పుడు ముఖం నెట్ వైపు పెట్టి వెనకడుగులు వేయకండి. మడమ తట్టుకుని వెల్లకిలా పడి, చెయ్యి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకునేది ఇలాగే. భుజం తిప్పి, పక్కకు తిరిగి, ఒక కాలి మీదుగా ఇంకో కాలు దాటేస్తూ వెళ్లండి. ఆడబోయే కోర్టులో వెనక ఎంత చోటుందో ముందే చూసుకోండి. పద్ధతిగా కట్టిన కోర్టులో బేస్‌లైన్ వెనక 18 నుంచి 21 అడుగులుంటాయి. అపార్ట్‌మెంట్ కోర్టుల్లో పది అడుగులకే కంచె తగులుతుంది. అలాంటి చోట వెనక్కి వెళ్లే దారి లేదనుకుని, బంతి లేస్తుండగానే కొట్టడం నేర్చుకోవాల్సిందే.

అలా కొట్టేటప్పుడు రాకెట్‌ని ఎక్కువ వెనక్కి లాగకండి, బంతి బలమే సరిపోతుంది. ఫెదరర్‌కి ఇది తెలియక కాదు. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్ ఎర్రమట్టి మీద నడాల్ వేసే ఎత్తు బంతులు ఆయన ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌ని ఏళ్ల తరబడి ఏడిపించాయి. అక్కడ నాలుగు ఫైనల్స్ నడాల్‌కే పోయాయి. 2014లో రాకెట్ తలని 90 నుంచి 97 చదరపు అంగుళాలకు మార్చారు. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో ముందుకు నిలబడి అవే బంతుల్ని లేస్తుండగానే కొట్టి ఐదు సెట్లలో గెలిచారు. అక్కడి గట్టి నేల, అంటే హార్డ్ కోర్టు, కూడా కలిసొచ్చిందనుకోండి. 2009లో అదే ఎర్రమట్టి మీద నడాల్‌ని ఓడించిన స్వీడన్ ఆటగాడు సోడర్లింగ్ సంగతి వేరు. 193 సెంటీమీటర్ల మనిషికి మన భుజం ఎత్తు బంతి ఛాతీ దగ్గరికే వస్తుంది. ఆయన్ని చూసి మనం ఫ్లాట్‌గా, బంతిని తిప్పకుండా బాదితే బంతి కంచెకే.

వెనక నుంచి కొట్టిన బంతి ఎటు వేయాలి? ఎదురుమూలకే, నెట్ మీద నాలుగైదు అడుగుల ఎత్తున. నెట్ మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర. మూల నుంచి మూలకి కోర్టు నాలుగున్నర అడుగులు పొడుగు కూడా. పక్క లైన్ వెంట నేరుగా, అవతలివాడికి అందని విన్నర్ కొడదామన్న ఆశ ఇక్కడే మనల్ని ముంచేది. భుజం పైనుంచి స్లైస్ (రాకెట్‌ని బంతి కిందికి కోసినట్టు కొట్టడం) కోసినా బంతి తేలిపోయి, నెట్‌కీ బేస్‌లైన్‌కీ మధ్య ఉండే సర్వీస్ లైన్ దగ్గర పడుతుంది, అవతలివాడికి పండగ. ఎటూ తోచకపోతే మీరూ ఎత్తుగా, లోతుగా తిప్పి పంపండి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

భుజానికి పది రోజుల ముందు నుంచి రబ్బరు బ్యాండ్ కసరత్తు మొదలుపెట్టండి. తల ఎత్తులో వందలకొద్దీ కొట్టే అలవాటు దానికి లేదు. నొప్పి మొదలైన రోజు ఆపేయండి.

టాస్ గెలిస్తే సర్వీస్ కోసం ఎగబడకండి. ఎండ వీపు మీద పడే వైపు తీసుకోండి. ఒక గేమ్ తర్వాత వైపులు మారాల్సిందే కానీ, చెయ్యి ఇంకా కుదురుకోని ఆ మొదటి గేమ్‌లో ఆకాశంలోకి లేచే బంతిని కళ్లు చికిలించుకుని వెతుక్కునేది అవతలివాడవుతాడు. మా పెద్దాయన టాస్ గెలిచి అడిగింది అదే.